ఓబులరెడ్డి కాలు, కోర్టు మట్టి

నా పని ఏమిటంటే

కాళ్లు, చేతులు పోయిన వాళ్లకు కొత్తవి అమర్చే ఒక ప్రైవేటు కేంద్రం నంద్యాలలో ఉండేది. నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది. నేను ఫిజియోథెరపిస్టును. కాలు తయారుచేసేది వేరేవాళ్లు. ఆ కాలు మీద మనిషిని నిలబెట్టి, నడిపించి, ఇంటికి పంపడం నా పని. రిటైరయ్యాక, కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నాకు నోటితో తిట్టడం వచ్చినంత బాగా చెప్పడం రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానంలో ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ రాయను. అవి తల్చుకుంటే నాకే ఆవలింతలు వస్తాయి. కాలు పోయిన మనిషి వచ్చి, తనకు ప్రాణమైన ఆటలోకి మళ్లీ పోతానంటే మనం ఏం చేయాలన్నది రాస్తాను. కాలేజీలో దీన్ని చెప్పరు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకు, గడప దాటి వీధిలోకి. అక్కడికి సిలబస్ అయిపోతుంది. మనిషి మాత్రం అక్కడితో అయిపోడు.

అంపైర్ కుర్చీ

ముందు ఓడిపోయిన కథ చెప్తాను. సుధాకర్ అని నంద్యాలలో ఒక వాలీబాల్ ఆటగాడు ఉండేవాడు. సాయంత్రమైతే అతను ఎగిరి కొట్టే స్మాష్ చూడటానికే జనం నిలబడేవాళ్లు. లారీ గుద్ది మోకాలి కింద కాలు పోయింది. మా దగ్గర కష్టపడి నడక నేర్చుకున్నాడు, చిన్నగా ఎగరడం కూడా నేర్చుకున్నాడు. కాలు బిగించుకుని గ్రౌండుకు పోయిన మొదటి రోజు స్నేహితులు దండ వేసి, చప్పట్లు కొట్టి, తీసుకుపోయి అంపైర్ కుర్చీలో కూర్చోబెట్టారు. "నువ్వు ఎగరొద్దురా, ఈడ కూర్చో, నీ మాటే ఫైనల్" అన్నారు. రోజూ టీ కూడా కుర్చీ దగ్గరికే వచ్చేది.

కొన్నాళ్లకు గ్రౌండుకు పోవడం మానేశాడు. బజారులో కనిపిస్తే ఎందుకు పోవడం లేదని అడిగాను. "కుర్చీ బాగుంది మేడం. ఆట యాడుంది?" అన్నాడు.

ఆ స్నేహితులు చెడ్డవాళ్లు కారు. అతన్ని ప్రేమించారు కాబట్టే కూర్చోబెట్టారు. మన పనిలో చాలాసార్లు ఎదురయ్యే అడ్డం ఈ ప్రేమే. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు. నాకు మాత్రం అప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

తిట్టేవాళ్లు లేని మనిషి

ఓబులరెడ్డి శిరివెళ్ల పక్క పల్లె రైతు. నలభై దాటిన మనిషి, పొడగరి. రోటవేటర్ బ్లేళ్లలో చెత్త ఇరుక్కుంటే ట్రాక్టర్ ఆపకుండా కాలితో తన్నబోయాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. మొదటి రోజు నా ముందు కూర్చుని నా మొహం వైపు చూడకుండా కిటికీలోంచి రోడ్డు మీద పోయే ఎద్దులబండిని చూస్తున్నాడు. నేను చెప్పినట్టు కాలు పైకి ఎత్తలేదు.

"ఏమప్పా, నేను గోడతో మాట్లాడుతున్నానా? కాలు ఎత్తు!" అని గట్టిగా అరిచాను.

అప్పుడు తిరిగి నన్ను చూశాడు. నవ్వాడు. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి అని తర్వాత అతని భార్య లక్ష్మీదేవి చెప్పింది.

"నన్ను ఎవురూ తిట్టడం ల్యా మేడం" అన్నాడు. "కాలు పోయిన కాడ్నుంచి అందురూ మెల్లగ మాట్లాడతాండారు. మా తమ్ముడు చిన్నప్పట్నుంచి నాతో కొట్లాడేటోడు, వాడూ అన్నా అన్నా అంటాండాడు. ఆఖరికి నా పెండ్లాం కూడా తిట్టడం మానేసింది. నేను సచ్చిపోయిన మాదిరే ఉంది."

లక్ష్మీదేవి పక్కనే నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఏం చేయాలనుకుంటున్నావని అడిగాను. ప్రతి పేషెంటునూ ఇది అడగాలి. గుడికి పోవాలని, పొలం గట్టు మీద నడవాలని చెప్తారు. ఓబులరెడ్డి "నా జతను నేనే తోలాల" అన్నాడు.

మా వైపు వాళ్లకు వివరం చెప్పనక్కర్లేదు. తెలియని పిల్లల కోసం రాస్తున్నాను. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెడతారు. ఒక జత ఎద్దులకు పెద్ద రాతి బండను కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత గెలుపు. లాగే దారిని కోర్టు అంటారు. ఆ గీత నుంచి ఈ గీత దాకా లాగి, జతను మలుపుకుని మళ్లీ ఈ కొసకు రావాలి. ఎద్దులతో పాటు తోలేవాడు అరుస్తూ పరుగెత్తాలి. ఓబులరెడ్డి జత పేర్లు దొర, చిన్నోడు. ఆళ్లగడ్డ వైపు తిరునాళ్లలో ఆ జతకు పేరుంది. అతను మంచంలో ఉన్నప్పుడు తమ్ముడు తోలితే దొర సగం కోర్టులోనే నిలబడిపోయిందట.

మా పెద్ద డాక్టరు గారు

ఈ సంగతి మా పెద్ద డాక్టరు గారికి చెప్పాను. హస్తవాసి గొప్పది ఆయనది. కత్తి పట్టుకుంటే వంక పెట్టడానికి ఉండదు. ఆటలు, పాటలు అంటే మాత్రం ఆయనకు సమయం దండగ.

"సుగుణా, మనం ఇచ్చేది నడవడానికి కాలు. ఎద్దుల పక్కన ఉరకడానికి కాదు. రేపు ఆ బండ కింద పడితే రెండో కాలు కూడా మనమే చేయాలి" అన్నారు.

"పడకుండా నేర్పుతా సార్" అన్నాను.

"నీ ఇష్టం. వాడి భార్య ఏడ్చుకుంటూ వస్తే నా రూముకు పంపొద్దు, నీ రూములోనే కూర్చోబెట్టుకో" అన్నారు. అది అనుమతే. ఆయన అనుమతులన్నీ ఇట్లాగే ఉండేవి. ఆయన భయం తప్పు కాదని ఇప్పుడూ అంటాను. పై అధికారి భయపడితే వాదించి గెలవాలని చూడకండి. ఆ భయంలో నిజమెంతో చూసుకుని దానికి తగిన ఏర్పాటు చేసుకోండి.

బూట్లు అన్నాడు, బూట్లే రాసుకున్నాం

కాలు తయారుచేసేది ఖాజా భాయ్. అతను ఎవరికైనా కొలత తీసుకునే ముందు ఒక ప్రశ్న అడుగుతాడు: "ఏం వేసుకుని నడుస్తావు? బూట్లా, చెప్పులా, ఉత్త కాళ్లా?" ఇది చిన్న ప్రశ్న కాదు. బూటు మడమ కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తుకు సరిపోయేట్టు కాలు నిలబెడతారు. అదే కాలుతో బూటు విప్పి నడిస్తే మడమ కిందికి దిగి, మోకాలు వెనక్కి నెట్టుకుని, మనిషి వెల్లకిలా పడబోతాడు.

ఓబులరెడ్డి ఏమాత్రం తడబడకుండా "బూట్లు" అన్నాడు. బూట్లకే చేశారు. బూట్లలోనే నేర్పాను. చేతులతో పట్టుకునే కమ్మీల మధ్య నడిచాడు, కమ్మీలు వదిలి నడిచాడు, మా కేంద్రం వెనక మైదానంలో చిన్నగా పరుగెత్తాడు కూడా. నేను పొంగిపోయాను. ఇంటికి పోయిన వారానికే ఫోను వచ్చింది, పడ్డాడని.

నేను, ఖాజా భాయ్ బస్సెక్కి శిరివెళ్లకు పోయి, అక్కడి నుంచి ఆటోలో పల్లెకు చేరాం. ఊరి బయట దున్ని చదును చేసిన నేలలో సాధన కోర్టు ఉంది. గట్టు దగ్గర ఓబులరెడ్డి కొత్త బూట్లు జతగా, శుభ్రంగా పెట్టి ఉన్నాయి. మనిషి ఉత్త కాళ్లతో కోర్టులో నిలబడి ఉన్నాడు.

"బూట్లు ఏవప్పా?" అన్నాను.

"కోర్టులోకి బూట్లతో పోతారా మేడం ఎవురన్నా?" అని నన్ను వింతగా చూశాడు.

అప్పుడు అర్థమైంది. బండకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి గానీ కట్టరు. చెప్పులేసుకుని కోర్టులో అడుగు పెట్టిన వాణ్ణి పెద్దోళ్లు బయటికి తరుముతారు. పోటీలోనే కాదు, సాధనలో కూడా. అతను పుట్టినప్పటి నుంచి ఎద్దుల వెనక ఉత్త కాళ్లతో తప్ప పరుగెత్తి ఎరుగడు.

"మరి ఖాజా భాయ్ అడిగినప్పుడు బూట్లు అని ఎందుకు చెప్పినావ్?"

తల దించుకున్నాడు. "ఆసుపత్రిలో అంత మంది మధ్యలో ఉత్త కాళ్లు అంటే బాగుంటాదా మేడం? పల్లెటూరోడు అనుకుంటారని."

ఖాజా భాయ్ అక్కడే గట్టు మీద కూర్చుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బూట్లు అన్నందుకు కాసేపు, అది నమ్మి మేము కదలకుండా కూర్చున్నందుకు కాసేపు, అతన్ని కడిగేశాను. తిట్టినంతసేపూ ఓబులరెడ్డి మొహం వెలిగిపోతోంది. లక్ష్మీదేవి మాత్రం మజ్జిగ గ్లాసులు పట్టుకుని దూరంగా నిలబడింది.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మన ప్రాంతంలో రోగి మనకు జవాబు చెప్పడు, మర్యాద చెప్తాడు. పంచె కట్టేవాడు ప్యాంటు అంటాడు. నేల మీద కూర్చుని తినే ఆమె టేబుల్ అంటుంది. ఆసుపత్రిలో మనల్ని చూసి తమ ఇంటిని దాచుకుంటారు. కాబట్టి అడిగి ఊరుకోకండి. ఆటో ఎక్కండి, నేల చూడండి, చెప్పులు యాడ విడుస్తారో చూడండి.

ఖాజా భాయ్ ఉత్త కాళ్లతో నడవగలిగే గట్టి రబ్బరు పాదం పెట్టి ఇంకో కాలు మొదటి నుంచి తయారుచేశాడు. మళ్లీ నడక, మళ్లీ పరుగు. ఈసారి కేంద్రంలో కాదు, దుక్కి నేలలోనే నేర్పాను.

దొర భయం

పరుగు కుదిరాక ఎద్దులను తెచ్చారు. ఎవరూ అనుకోని చోట చిక్కు వచ్చింది. ఓబులరెడ్డి ఎడమ పక్కన నిలబడి పిలవగానే దొర చెవులు నిక్కబొడుచుకుంది. అతను రెండడుగులు వేయగానే పక్కకు గుంజుకుని, కాడి విరిచేంత పని చేసింది. గొంతు తన యజమానిది, అడుగు చప్పుడు కాదు. రబ్బరు వాసన వేరు. ఆ రోజు ఓబులరెడ్డి కళ్లలో నీళ్లు చూశాను. కాలు తీసేసిన రోజు కూడా ఏడవని మనిషి అని అందరూ చెప్పారు.

"అది నన్ను గుర్తుపట్టల్యా మేడం" అన్నాడు.

నాకు ఎద్దుల గురించి ఏమీ తెలియదు. మనుషుల గురించి కొంచెం తెలుసు. కొత్త కాలు వేసుకుని ఇంటికి పోయినవాణ్ణి చూసి సొంత పిల్లలు దగ్గరికి రారు. ఆ కాలును కొన్నాళ్లు పిల్లల మధ్యలోనే పడేసి ఉంచమంటాను. తాకుతారు, తంతారు, ఆడుకుంటారు, భయం పోతుంది. ఓబులరెడ్డికి అదే చెప్పాను. పాత బూటు కాలును కొట్టంలో దొర గాడి పక్కన కట్టమన్నాను. పడుకునేటప్పుడు కొత్త కాలు విప్పి అది కూడా అక్కడే పెట్టమన్నాను.

కొన్నాళ్లకు లక్ష్మీదేవి ఫోను చేసింది. "మేడం, ఆ ఎద్దు కాలును నాకుతాండాది. చెమట ఉప్పగా ఉంటాది గదా, ఇడ్చిపెట్టడం ల్యా. తోలు పట్టీ తడిసి ముద్దయితాంది." ఆ గొంతులో నవ్వు లాంటిది వినిపించింది. మరుక్షణమే ఆ గొంతు మారింది. "మేడం, ఒక మాట. కాలు పోయినా మనిషి మిగిల్నాడు అనుకుంటి. ఆ బండ ముందర మళ్లీ పడితే నాకు ఎవురు మిగుల్తారు? మీరు వద్దంటే ఇంటాడు. మీ మాటే ఇంటాడు."

నా వృత్తిలో అంత బరువైన మాట నన్ను ఎవరూ అడగలేదు. "వచ్చి చూసి చెప్తా" అన్నాను.

మలుపు

పోయి చూశాను. నేరుగా పరుగెత్తేటప్పుడు అతనికి ప్రమాదం లేదు. ప్రమాదమంతా గీత దగ్గర జతను మలుపుకునేటప్పుడే ఉంది. ఎద్దులు తన వైపు తిరుగుతుంటే తోలేవాడు వెనక్కి అడుగులేస్తూ దారి ఇవ్వాలి. అప్పటికే బండ లాక్కుపోయిన నేల గుల్లగా ఉంటుంది. కృత్రిమ పాదానికి వెనక ఏముందో తెలియదు. గుల్ల మట్టిలో మడమ దిగితే వెల్లకిలా పడతాడు, ముందు ఎద్దులు, వాటి వెనక బండ.

"వెనక్కి నడవడం నీకు ఈ జన్మకు లేదు" అని చెప్పేశాను. "వెనక్కి నడవకుండా మలుపుకునే దారి ఉంటే చెప్పు. లేకపోతే చర్నాకోల తమ్ముడికి ఇచ్చేయ్."

ఓబులరెడ్డి లేచి దొర మూపు మీద చేయి వేసి, దాని భుజాన్ని ఆనుకుని, దానితో పాటే చుట్టూ తిరిగి చూపించాడు. వెనక్కి ఒక్క అడుగు లేదు, అన్నీ ముందుకే. ఎద్దు బరువు మీద తన బరువు వేశాడు. దొర కదిలితే తానూ కదులుతున్నాడు. ఎద్దు దగ్గరగా రానివ్వకపోతే ఇది కుదరదు. ఇప్పుడు రానిస్తోంది.

ఆ మలుపునే సాధన చేయించాను, నాకు విసుగు వచ్చేదాకా. అతనికి మాత్రం విసుగు రాలేదు. మధ్యలో ఒక తప్పు చేశాడు. ఉగాది పోటీకి అందుకోవాలన్న తొందరలో మొండికాలుకు పుండు పడినా చెప్పకుండా దాచాడు. తోలు పట్టీ విప్పితే రక్తం. పెద్ద డాక్టరు గారు చూసి, మానేదాకా కాలు తగిలించడానికి వీల్లేదన్నారు. నేను ఎదురు చెప్పలేదు, ఆయనదే రైటు. ఉగాది పోయింది. ఓబులరెడ్డి రెండు కర్రల మీద వచ్చి గట్టున కూర్చుని తమ్ముడు తోలుతుంటే చూశాడు. కానీ సుధాకర్ లాగా ఆగిపోలేదు. పుండు మానిన మర్నాడే "మేడం, ఎప్పుడు మొదలు పెడదాం?" అని ఫోను చేశాడు. పిల్లలకు నేను చెప్పేది, పట్టుదల ఉన్నవాడికే పుండు ఎక్కువ పడుతుంది. వాడి మాట నమ్మొద్దు, పట్టీ విప్పి చూడండి.

వేసవి తిరునాళ్లకు వారం ముందు లక్ష్మీదేవిని కోర్టు దగ్గరికి పిలిచి మలుపు చూపించాను. "నేను ఒప్పుకుంటున్నా" అన్నాను. "నువ్వు కూడా చూసి ఒప్పుకో." ఆమె చాలాసేపు చూసింది. దొర నుదుటికి పసుపు రాసి ఇంటికి పోయింది.

మైకు

ఆళ్లగడ్డ దగ్గర తిరునాళ్ల. పొద్దున్నే ఎండ పొగలు కక్కుతోంది. బండకు టెంకాయ కొట్టారు. గట్టు మీద నేను, లక్ష్మీదేవి, ఖాజా భాయ్ నిలబడ్డాం. పెద్ద డాక్టరు గారు రాలేదు గానీ కారు డ్రైవరుతో కట్టుగుడ్డలు, మందుల డబ్బా పంపించారు. ఆయన ప్రేమ కూడా అనుమతి లాంటిదే.

ఓబులరెడ్డి ముందే కమిటీ వాళ్లను ఒకటి అడుక్కున్నాడు. మైకులో కాలు సంగతి ఎత్తొద్దని. ఊరు పేరు, జత పేరు, తోలేవాడి పేరు, అంతే. వాళ్లు సరే అన్నారు, నాకైతే నమ్మకం లేదు. మైకు పట్టుకున్నవాడికి అలాంటి మాట దొరికితే వదులుతాడా?

ఈల వేశారు. దొర, చిన్నోడు మెడలు వంచి లాగాయి. బండ కదిలింది. ఓబులరెడ్డి అరుస్తూ పరుగెత్తుతున్నాడు. దుమ్ములో రెండు పాదాల్లో ఏది ఏదో దూరం నుంచి తెలియడం లేదు. మైకులో ఊరు పేరు చెప్పారు, జత పేరు చెప్పారు, ఓబులరెడ్డి అన్నారు. ఆగిపోయారు. నేను ఊపిరి వదిలాను.

గీత దగ్గరికి వచ్చారు. లక్ష్మీదేవి నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగాయి. ఓబులరెడ్డి దొర మూపు మీద చేయి వేశాడు. భుజానికి ఆనుకున్నాడు. ఎద్దు తిరిగింది, అతనూ తిరిగాడు. గుల్ల మట్టిలో రబ్బరు పాదం మడమ దాకా దిగింది. మనిషి ఊగాడు. దొర మీద బరువు వేసి కాలు పైకి లాక్కున్నాడు. బండ కూడా తిరిగి మళ్లీ ఈ వైపు కదిలింది. జనం అరిచారు. వాళ్లు జత కోసం అరిచారు, అతని కోసం కాదు.

రెండో మలుపు, మూడో మలుపు. ఇక ఉత్సాహం పట్టలేక ఓబులరెడ్డి ఎద్దులను దాటి ముందుకు ఉరికి, వెనక్కి తిరిగి రమ్మని చేతులు ఊపుతున్నాడు. తోలేవాడు జత ముందుకు రాకూడదన్నది పోటీ నియమం. మైకు ఒక్కసారిగా గర్జించింది.

"ఏయ్ ఓబులరెడ్డీ! గిత్తల ముందుకు పోవద్దని ఎన్నిసార్లు చెప్పాల నీకు? చెవులు యాడ పెట్టుకున్నావప్పా? ఎనక్కి రా! ఇంగోసారి ముందుకొస్తే జతను బయటికి తోలిస్తా, ఏమనుకున్నావో!"

జనమంతా నవ్వారు. ఓబులరెడ్డి చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. ఆ పరుగులోనే మా వైపు చూశాడు.

గెలవలేదు. మొదటి ముగ్గురిలో కూడా లేడు. సమయం అయిపోయిందని ఈల వేయగానే ఎద్దులను తమ్ముడికి అప్పగించి కుంటుకుంటూ గట్టు దగ్గరికి వచ్చాడు. ఒళ్లంతా మట్టి, చెమట. ముందు పట్టీ విప్పించి పుండు చూశాను. లేదు. అప్పుడు మొహం చూశాను. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"ఇన్నారా మేడం?" అన్నాడు. "నన్ను తిట్టినాడు. మైకులో, అందురి ముందర తిట్టినాడు."

నేను లక్ష్మీదేవి వైపు చూశాను. ఆమె చేతిలోని నీళ్ల చెంబు అతని చేతికిచ్చింది. అతను తాగేదాకా ఆగింది. తర్వాత మా అందరికీ వినపడేట్టు అంది:

"తాగు, తాగు. ఇంటికి రా, నేనూ తిడతా."